పాత ఈతకొలనుకు కొత్త అప్పు అవసరమా?

ప్రశ్న: మా పెరట్లోని ఈతకొలను కట్టి 20 ఏళ్లు దాటింది. టైల్స్ ఊడుతున్నాయి, నీటిమట్టం తగ్గుతోంది, పంపుకు కరెంటు బిల్లు బాగా వస్తోంది. కొత్త టైల్స్, రంగుల లైట్లు, హీటర్‌తో సహా అంతా ఒకేసారి చేయించుకోమని కాంట్రాక్టర్ అంటున్నారు. మా పొదుపు సగం ఖర్చుకే సరిపోతుంది. మిగతాది పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? పదవీ విరమణకు 8 ఏళ్లుంది.

జవాబు: వద్దండీ. కొలను బాగు చేయించుకోండి, కానీ ఉన్న పొదుపుతో, విడతలవారీగా.

నీళ్లు ఎందుకు తగ్గుతున్నాయో ముందు తేల్చుకోండి. ఒక బకెట్‌లో కొలను నీళ్లే పోసి, కొలను మెట్టు మీద సగానికి పైగా మునిగేలా పెట్టండి. బకెట్ లోపలి మట్టం దగ్గర ఒక గీత, బయట కొలను మట్టం దగ్గర ఒక గీత గీయండి. 24 గంటల తర్వాత రెండూ సమానంగా తగ్గితే ఆ నీళ్లు ఆవిరైనట్టు. కొలను మట్టం ఎక్కువ తగ్గితే లీకు ఉన్నట్టే. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు కొలనులో ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే 320 లీటర్లు పోయినట్టు. పంపు నడిపి ఒకసారి, ఆపి ఒకసారి చూడండి. నడిచినప్పుడే ఎక్కువ తగ్గితే పైపులను అనుమానించి ప్రెషర్ టెస్ట్ (పైపుల్లో ఒత్తిడి పెట్టి లీకు కనిపెట్టే పరీక్ష) చేయించండి. లీకు కట్టించకుండా టైల్స్ వేయిస్తే, రేపు వాటినే పగలగొట్టాల్సి వస్తుంది.

ఎర్తింగ్, నీళ్లలోని లైట్ల వైరింగ్, అడుగున డ్రెయిన్ మూతలు, చుట్టూ కంచె: వీటిని మాత్రం దయచేసి వాయిదా వేయకండి. ఇవి ప్రాణాలతో ముడిపడినవి.

తర్వాత పంపు. ఈ జాబితాలో పెట్టిన డబ్బును నెలనెలా వెనక్కి ఇచ్చే పెద్ద వస్తువు ఇదొక్కటే. వేగం మార్చుకోగల పంపును సగం వేగంతో నడిపితే దానికి కావలసిన శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంతే నీటిని తిప్పడానికి రెట్టింపు గంటలు నడిపినా, సూత్రం ప్రకారం కరెంటు నాలుగో వంతే. వాస్తవంలో ఆదా కొంత తగ్గుతుంది. పంపు ధరను ఏడాదికి మిగిలే బిల్లుతో భాగించండి. వచ్చిన సంఖ్య గ్యారంటీ కాలానికి లోపే ఉంటే నిశ్చింతగా కొనండి.

హీటర్ సంగతి తర్వాత, ముందు కొలను నీటిపై పరిచే కవర్ కొనండి. కొలను వేడిలో ఎక్కువ భాగం ఆవిరితోనే పోతుంది; కవర్ నీటినీ వేడినీ రెండింటినీ కాపాడుతుంది. రంగుల లైట్లు సరదా ఖర్చు. వాటికి నెలనెలా కొంత విడిగా దాచుకోండి.

కొటేషన్ ఒకే మొత్తంగా తీసుకోకండి, పనివారీగా రాయించండి. తవ్వాక బయటపడే పనుల కోసం 15 నుంచి 20 శాతం పక్కన పెట్టుకోండి. చివరి 10 శాతం కొలను నింపి, బకెట్ పరీక్ష మళ్లీ చేసి చూశాకే చెల్లిస్తామని ఒప్పందంలో రాసుకోండి. నీళ్లన్నీ మీరే తోడేయకండి. భూగర్భజలం పైకి ఉన్న చోట ఖాళీ కొలను నేలలోంచి పైకి లేచే ప్రమాదం ఉంది.

ఆరు నెలల ఇంటి ఖర్చుల నిధినీ, పదవీ విరమణ పొదుపునూ ముట్టుకోవద్దు. ఇల్లు అమ్మేటప్పుడు ఈ ఖర్చంతా తిరిగి వస్తుందని లెక్క వేసుకోకండి. లీకు మరమ్మతుకే మీ పొదుపు చాలకపోతే, పోయిన ఏడాది ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు ఈదారో గుర్తు చేసుకుని, కొలనును పూడ్చడానికి ఎంతవుతుందో కూడా ఒక కొటేషన్ తెప్పించండి.