జాకీల జోడీని వదిలేయడం సరైనదేనని నేను ఎందుకంటాను

సరదాకు ఆన్‌లైన్ పోకర్ ఆడేవారికి ఈ మధ్య ఫలితాలు ఎలా ఉన్నాయి, వారు ఏ వ్యూహం పాటిస్తున్నారు అన్నది ప్రశ్న. హైదరాబాదులో ఉండి ఆడేవాణ్ణి కనుక నేను ఆడేది డబ్బు పందెం లేని ఆట మాత్రమేనని ముందే చెప్పాలి. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టమైతే, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటికీ వర్తించేలా నిషేధించింది. మిత్రులం కొందరం శనివారం రాత్రిళ్ళు ఉచిత చిప్‌లతో టోర్నమెంటు ఆడుకుంటాం. ఎవరు ఎన్నో స్థానంలో నిలిచారో చూసి పాయింట్లు రాసుకుంటాం, అంతే.

కొన్ని నెలలుగా నేను ఎక్కువగా రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో నిలుస్తున్నాను. మొదటి స్థానం అరుదుగా దక్కుతోంది కానీ, ముందుగా బయటికి వెళ్ళిన రాత్రులు చాలా తక్కువ. ఈ నిలకడకు కారణం సమయానికి ఫోల్డ్ చేయడమేనని, అంటే ముక్కలు పడేసి ఆ పంపకం నుంచి తప్పుకోవడమేనని నా గట్టి నమ్మకం. మేం ఆడే పోకర్‌లో ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు వస్తాయి, తర్వాత అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. చేతికి వచ్చే రెండు ముక్కల కలయికలు మొత్తం 1,326 ఉంటే, వాటిలో ఆసుల జోడీలు 6 మాత్రమే, అంటే సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తాయి. చిన్న జోడీ పట్టుకొని కూర్చున్నవారికి ఫ్లాప్‌లో, అంటే ఉమ్మడిగా మొదట తెరిచే మూడు ముక్కల్లో, అదే విలువ గల మూడో ముక్క కలిసేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. ఈ లెక్కలు తెలిసి కూడా ప్రతి పంపకంలో చెయ్యి పెట్టేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మన రమ్మీలో ముక్కలు బాగా లేనప్పుడు 80 పాయింట్ల దాకా మోయడం ఎందుకని 20 పాయింట్లకే మొదట్లో డ్రాప్ అయ్యే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఆ క్రమశిక్షణే పోకర్‌కూ కావాలి.

ఇటీవలి ఒక పంపకం గురించి వివరంగా చెబుతాను. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిప్‌లు, 500, 1,000. ముందు కూర్చున్న మిత్రుడు 2,500కు రెయిజ్ చేశాడు, అంటే పందెం పెంచాడు. అతని తర్వాతి వ్యక్తి, రాత్రంతా గట్టి ముక్కలు ఉంటే తప్ప కదలని మనిషి, తన 24,000 చిప్‌లనూ ఒక్కసారిగా ఆల్ ఇన్ చేశాడు. నేను బటన్ మీద, అంటే ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడే సీటులో ఉన్నాను. చేతిలో జాకీల జోడీ, నా దగ్గర ఉన్న చిప్‌లు అతనికంటే కొంచెం ఎక్కువ. మధ్యలో పోగైన పాట్‌లో, బ్లైండ్లతో కలిపి, అప్పటికి 28,000 ఉన్నాయి. నేను 24,000 పెడితే మొత్తం 52,000 అవుతుంది కనుక, ఆ కాల్ (అతని పందేనికి సమంగా పెట్టడం) గిట్టుబాటు కావాలంటే నేను నూటికి 46 సార్లయినా గెలవగలగాలి. అలాంటి ఆటగాడు అలా తోశాడంటే అతని చేతిలో ఉండగలిగేవి ఆసులు, రాజులు, రాణుల జోడీలు, లేదా ఆసు-రాజు. జోడీలు ఒక్కొక్కటి 6 చొప్పున 18 కలయికలు, ఆసు-రాజు 16 కలయికలు. జోడీల ఎదుట జాకీలు గెలిచేది నూటికి 19 సార్లు, ఆసు-రాజు ఎదుట సుమారు 56 సార్లు. అన్నీ కలిపితే నా వంతు సుమారు 36. పైగా మొదట రెయిజ్ చేసినవాడు ఇంకా నా వెనుక ఆడవలసి ఉంది. ఫోల్డ్ చేశాను.

మిగిలినవారు కూడా వదిలేశాక అతను చూపించినవి ఆసు-రాజు. నేను వదిలిందేమిటో చెప్పగానే ఫోన్‌లో ఒకటే గోల. "జాకీల జోడీ పారేశావా బాబూ, నువ్వే ముందున్నావు కదా!" అని ఒకరు, "ఇంత భయమైతే ఆడటమెందుకు?" అని ఇంకొకరు. అతని చేతిలో ఆసు-రాజు ఉందని ముందే తెలిసి ఉంటే నేనూ కాల్ చేసేవాణ్ణే. కానీ నిర్ణయం తీసుకోవలసిన క్షణంలో నా ఎదుట ఉన్నది 34 కలయికలు, వాటిలో ఒకటి కాదు. తెరిచిన ముక్కలు చూసి వెనక్కి తీర్పు చెప్పే ఈ అలవాటే మన పేకాటలను పాడుచేస్తోంది. అదే పరిస్థితి రేపు వచ్చినా నేను మళ్ళీ ఫోల్డే చేస్తాను.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. ఓడిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్‌లో మోసం ఉందనేవారు ఒక చిన్న గుణకారం చేయరు. ఫ్లాప్‌లో, చేతి ముక్కలతో కలిపి, ఒకే జాతి (ఇస్పేటు, ఆఠీను వంటివి) ముక్కలు నాలుగు కలిసినవారికి ఫ్లష్, అంటే ఒకే జాతి ముక్కలు ఐదు, పూర్తయ్యేది తర్వాతి ముక్కకు నూటికి 19 సార్లు, రెండు ముక్కలూ చూస్తే 35 సార్లు. మావాళ్ళు 35ను నమ్ముకొని ఒక్క ముక్క కోసమే పెద్ద పందెం కాల్ చేస్తారు, టర్న్‌లో, అంటే నాలుగో ఉమ్మడి ముక్క దగ్గర, ఇంకో పందెం రాగానే ఇరుక్కుపోతారు. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేముంది?

ఇక దీపావళి రాత్రి ఆడే తీన్ పత్తీకీ (మూడు ముక్కల ఆట) పోకర్‌కూ తేడా లేదనే బంధువులు నాకు చాలామంది ఉన్నారు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారంలో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని, మూడు ముక్కల ఆటలాగా పూర్తిగా అదృష్టం కాదని తేల్చింది. ఆ తీర్పులో పోకర్ ప్రస్తావన లేకపోయినా, ఐదు ముక్కలు అందరికీ కనిపించే ఆటలో రమ్మీకంటే ఆలోచనకు చోటు ఎక్కువేనని నా అభిప్రాయం, దీన్ని నేను ఎవరి ముందైనా వాదిస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవారు ఉచిత చిప్‌లు మళ్ళీ మళ్ళీ నింపుకొనే టేబుళ్ళ జోలికి పోకండి. అక్కడ ఎవరూ ఫోల్డ్ చేయరు కనుక నేర్చుకొనేదీ ఉండదు. చిప్‌లు అయిపోతే బయటికి వెళ్ళవలసిన టోర్నమెంటు పద్ధతిలోనే ఆడండి. మొదటి గంట, ముందుగా ఆడవలసిన సీట్లలో ఉన్నప్పుడు, పదుల జోడీ, అంతకు పై జోడీలు, ఆసు-రాజు, ఆసు-రాణి తప్ప మిగిలినవన్నీ వదిలేయండి. బటన్ మీద ఉన్నప్పుడు, ముందున్నవారందరూ వదిలేస్తే, ఆ పరిధిని ధైర్యంగా పెంచుకోండి.