మొదటి హీట్ పోయించే ముందు

చిన్నారీ,

జర్మనీ యూనివర్సిటీ వాళ్లతో కలిసి అల్యూమినియం పోత మీద ప్రాజెక్టు తెచ్చుకున్నావనీ, అందులోకి నీ దగ్గర చదివే బీఈ రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లల్ని తీసుకుంటున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఫౌండ్రీ గడప తొక్కిన ఆడపిల్లవి నువ్వొక్కదానివే. విన్నప్పట్నుంచి ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. రాత్రిళ్లు నిద్ర మాత్రం పట్టడం లేదు.

ఒప్పందాలు, పాస్‌పోర్టులు, శాంపిల్స్‌కి కస్టమ్స్ కాగితాలు నీకు నేను చెప్పక్కర్లేదు. వేసవికి జర్మనీ వెళ్లడానికి స్కాలర్‌షిప్‌లేమైనా ఉంటే పిల్లల చేత అప్లై చేయించు. ఫైనలియర్ వాళ్లను తీసుకోకు, ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో వాళ్ల మనసు ఇక్కడ ఉండదు.

మొదటి హీట్, అంటే మొదటి విడత కరిగిన లోహం, పోయించే ముందు నా భయమంతా తేమ గురించే. కరిగిన లోహం పోసే ల్యాడిల్, కడ్డీలు, చివరికి కలిపే గరిటె కూడా బాగా వేడి చేశాకే లోహంలో పెట్టాలి. 700 డిగ్రీలు దాటిన లోహం కింద నీటి చుక్క చిక్కితే, ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బి, పైనున్న లోహాన్ని మనుషుల మీదకు విసురుతుంది. సిమెంటు నేలలోనూ తేమ ఉంటుంది, అందుకే పోసే చోట పొడి ఇసుక పరిపించు. నైలాన్ బట్టలు, చెప్పులు, వేలాడే చున్నీలు గేటు దగ్గరే ఆగిపోవాలి. ఒక వానాకాలం నైట్ షిఫ్టులో, ఆరని ల్యాడిల్ వల్ల ఒక కుర్రాడి చెయ్యి కాలడం నేను కళ్లారా చూశాను. పంతొమ్మిదేళ్లు వాడికి. నీ పిల్లలదీ అదే వయసు.

ఇంకో సంగతి వివరంగా చెప్పాలి. నేను పనిలో ఉన్న రోజుల్లో ఒక కాలేజీ, ఒక విదేశీ ల్యాబ్ కలిసి మా షాప్ ఫ్లోర్ మీద ఇలాంటి ప్రాజెక్టే చేశాయి. రెండు చోట్లా అదే అల్లాయ్, అదే టెంపరేచర్, డీగ్యాసింగ్‌కి, అంటే కరిగిన లోహంలోంచి గ్యాస్ తీసెయ్యడానికి, అంతే టైము. అక్కడ పోసిన ముక్కల్నీ ఇక్కడి ముక్కల్నీ పోల్చి చూడాలి. పిల్లలకిచ్చిన పని కోయడం, రుద్దడం, మైక్రోస్కోప్ కింద పెట్టడం. అసలు ఏం వెతుకుతున్నారో వాళ్లకెవరూ చెప్పలేదు. అక్టోబర్ వానలు మొదలయ్యాక కొన్ని ముక్కల నిండా పిన్‌హోల్స్, అంటే సన్న రంధ్రాలు, వచ్చాయి. ప్రాజెక్టు పెద్దాయన చూసి, "రిజెక్ట్, కరిగించెయ్యండి" అన్నాడు. బాగున్నవే పెట్టెల్లో సర్ది విదేశానికి పంపారు. నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక మూడో ఏడాది అబ్బాయి, వాన పడ్డ మర్నాడు పోసిన ముక్కలే చెడిపోతున్నాయని నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నాడు. ఆ మాట చెబితే, "నీ పని పాలిషింగ్" అన్నారు.

వాడన్నది నిజం. కరిగిన అల్యూమినియం గాలిలోని నీటి ఆవిరిని విడగొట్టి, ఆక్సిజన్‌తో ఆక్సైడ్ పొరగా మారి, హైడ్రోజన్‌ని తనలో కలుపుకుంటుంది. గడ్డకట్టాక అందులో సుమారు ఇరవయ్యో వంతే ఇముడుతుంది. మిగిలింది బుడగలు కట్టి పిన్‌హోల్స్‌గా తేలుతుంది. చెన్నై వానాకాలపు గాలి వేరు, చలిదేశంలో శీతాకాలపు పొడి గాలి వేరు. వాళ్లు వెతుకుతున్న జవాబు ఆ చెడిన ముక్కల్లోనే ఉంది, అవేమో మళ్లీ కొలిమిలోకి వెళ్లిపోయాయి. రెండు చోట్లా తేడా ఏమీ లేదని రిపోర్టు రాశారు. ఆ అబ్బాయి పేరు అందులో ఎక్కడా లేదు. చదువయ్యాక సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయాడు. తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. పోత పనికి అలాంటి కళ్లు దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసు.

అందుకని హీట్ నంబర్, ఆ రోజు గాలిలో తేమ, పోసినవాళ్ల పేర్లు రిజిస్టర్లో ఎక్కకుండా ఒక్క ముక్కనీ కదలనివ్వకు. రిజెక్షన్‌లను కరిగించనే వద్దు, విడిగా బీరువాలో పెట్టించు. లోహంలో గ్యాస్ ఎంతుందో చెప్పే రెడ్యూస్డ్ ప్రెషర్ టెస్ట్ పిల్లల చేతే చేయించు. ఒకే ల్యాడిల్ నుంచి రెండు చిన్న కప్పులు నింపి, ఒకటి మామూలు గాలిలో, రెండోది 80 మిల్లీబార్ల దగ్గర వాక్యూమ్‌లో గడ్డకట్టనిచ్చి, రెంటినీ గాలిలో, నీళ్లలో తూచి, రెంటి సాంద్రతల తేడా చెప్పే డెన్సిటీ ఇండెక్స్ లెక్కకట్టాలి. రెండో ఏడాది వాళ్లు కూడా హాయిగా చేస్తారు. జర్మనీలో ఎంత ఖరీదైన సీటీ స్కాన్ తీసినా, ఆ రంధ్రం ఏ రోజు గాలి వల్ల వచ్చిందో చెప్పగలిగేది మన పిల్లలే.

వీడియో కాల్‌లో ఆ మాట వాళ్లే చెప్పాలి. ఇంగ్లిష్ తడబడితే తడబడనీ, నువ్వు మధ్యలో అందుకోకు. చిన్నప్పుడు తమ్ముణ్ణి అడిగిన ప్రశ్నకి నువ్వు జవాబు చెప్పేసేదానివి, వాడు నోరు తెరిచి నీకేసి చూసేవాడు. నాకు ముద్దొచ్చేది. క్లాసులో మాత్రం ఆ అలవాటు పనికిరాదమ్మా. రీసెర్చ్ పేపర్లో ఎవరి పేర్లుంటాయో మొదటి హీట్‌కి ముందే కాగితం మీద పెట్టు.

వాళ్ల పిల్లలు ఇక్కడికొస్తే ఎగ్మూరు మ్యూజియంలో చోళుల కంచు విగ్రహాలు చూపించు. మైనం బొమ్మ మీద మట్టి పూసి, నీడలో ఆరబెట్టి, కాల్చి పోసిన పోతలవి. తేమ సంగతి ఆ స్థపతులకు బాగా తెలుసు.

అంబత్తూరు ఫౌండ్రీకి పిల్లల్ని ఏ రోజు తీసుకెళ్తావో ముందే ఫోన్ చెయ్యి. నేనూ వస్తాను. ల్యాడిల్ వేడి చేసేటప్పుడు పక్కనే నిలబడతాను.

మీ పెదనాన్న
చెన్నై