పట్టాయా ట్రిప్పుకి చీటీ పాడుకోవచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా ఆయన ప్రభుత్వ టీచరు, చేతికి నెలకు 63,000 వస్తుంది. నేను ఇంటి దగ్గర బ్లౌజులు కుడతాను, సగటున 15,000. దసరా, సంక్రాంతి సీజన్లలో అదనంగా మరో 30,000 దాకా వస్తుంది. ఇంటి లోను కిస్తీ 14,500, చీటీ 9,000, ఇంటి ఖర్చు 24,000, పిల్లల చదువు 5,500, పాలసీలు 4,000, అత్తయ్య మందులు 2,500 పోను 18,500 మిగులుతుంది. బ్యాంకులో 70,000 ఉంది. అమ్మాయి పదో తరగతి, అబ్బాయి నాలుగు. అమ్మాయి ఇంటర్ ఫీజు కోసం ఫిబ్రవరిలో 2 లక్షల చీటీ వేశాం, 20 నెలలు, 20 మంది. ఈ జూలైలో ఆరో పాట. 46,000 దగ్గర పోయేట్టుంది. దసరా సెలవులకు బ్యాంకాక్, పట్టాయా 5 రాత్రులు నలుగురికి 2,36,000 అని నెల్లూరు ఏజెంటు చెప్పాడు. చీటీ పాడుకుందామని మా ఆయన, గొలుసు కుదువ పెడదామని నేను. పక్కన తుమ్మలపెంట బీచ్ ఉండగా పట్టాయా ఎందుకని అత్తయ్య. ఏం చేయమంటారు?

జవాబు: చీటీ ఇప్పుడు పాడకండి. గొలుసు జోలికీ పోవద్దు. దసరాకి బదులు ఏప్రిల్ ఆఖరి వారానికి మార్చుకుంటే అప్పు లేకుండా నలుగురూ వెళ్లి రావచ్చు. మీరిచ్చిన అంకెలతోనే లెక్క కుదురుతుంది, కాకపోతే ట్రిప్పు ఒక రాత్రి తగ్గుతుంది.

ముందు చీటీ సంగతి. చీటీ పాడుకుంటే మన డబ్బే కదా, వడ్డీ ఎక్కడిది అని చాలామంది అనుకుంటారు. మీ లెక్కే చూడండి. 46,000కి పాడితే చేతికొచ్చేది 1,54,000. నిర్వాహకుడి కమీషన్ 10,000 తీసేస్తే మిగిలిన 36,000 ఇరవై మందికీ పంచితే తలా 1,800, అంటే ఈ నెల మీరు కట్టేది 8,200. గడిచిన ఐదు నెలల్లో సగటున 8,000 చొప్పున 40,000 కట్టారనుకుందాం. కాబట్టి వచ్చిన 1,54,000లో 48,200 మీరు కట్టిందే. నిజంగా తీసుకున్న అప్పు 1,05,800. దానికి మిగతా 14 నెలల్లో సగటున 9,000 చొప్పున 1,26,000 కడతారు. అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి ఇది నూటికి నెలకు రెండు రూపాయల నలభై పైసల వడ్డీతో సమానం. ఊళ్లో ఎవరైనా రెండు రూపాయల నలభై పైసల వడ్డీకి అప్పిస్తామంటే విహారయాత్రకి తీసుకుంటారా?

అదే చీటీ ఆఖరు దాకా ఆగితే 1,90,000 చేతికొస్తుంది. కట్టేది రెండు విధాలా ఒకటే, సుమారు 1,74,200. తేడా 36,000. పైగా అది అమ్మాయి ఇంటర్ డబ్బు. చీటీ ముగిసేది వచ్చే సెప్టెంబరులో, కాలేజీలో మొదటి విడత ఫీజు అడిగేది జూన్‌లో. అందుకని మే నెల పాటలో, అంటే పదహారో పాటలో పాడుకోండి. అప్పటికి పాడనివాళ్లు నలుగురైదుగురే మిగులుతారు, పోటీ చల్లబడుతుంది. 18,000 దగ్గర వస్తే 1,82,000 చేతికొస్తుంది. ఆఖరి పాటతో పోలిస్తే 8,000 తగ్గినా ఫీజుకి వేరే అప్పు తప్పుతుంది. ఇది రిజిస్టర్ కాని చీటీ అయితే కట్టిన ప్రతి నెలకూ సంతకంతో రసీదు తీసుకోండి. పాసుబుక్కు మీ దగ్గరే ఉండాలి.

గొలుసు విషయానికొస్తే, బ్యాంకులో బంగారం మీద ఏడాదికి 9, 10 శాతం పడుతుంది. నెలకు 75, 85 పైసల వడ్డీ. చీటీ పాడటం కంటే ఇది చవకే. ఇబ్బంది ఎక్కడంటే, చాలా బంగారం లోన్లకి నెలనెలా కిస్తీ ఉండదు. ఏడాది తర్వాత ఒకేసారి కట్టమంటారు. అప్పటికి ఇంటర్ రెండో విడత ఫీజు ఎదురొస్తుంది, గొలుసు మళ్లీ రెన్యువల్‌కి వెళ్తుంది. ఆ దారి ఆసుపత్రి లాంటి అవసరానికి ఉంచండి. బ్యాంకులోని 70,000 కూడా అంతే, ఒక నెల ఖర్చుకి మించి పెద్దగా లేదు.

ఇక ఏజెంటు చెప్పిన 2,36,000. జీఎస్టీ, టీసీఎస్ (టూరు అమ్మేటప్పుడే ఏజెంటు వసూలు చేసే ఆదాయపు పన్ను) అందులో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. లేకపోతే 5 శాతం జీఎస్టీ 11,800, దాని మీద టీసీఎస్ సుమారు 5,000 కలిసి 2,52,800 అవుతుంది. విదేశీ టూరు ప్యాకేజీల మీద టీసీఎస్ 10 లక్షల లోపు 5 శాతం ఉండేది, 2026 బడ్జెట్‌లో 2 శాతానికి దించారు. ఇది పోయే డబ్బు కాదు. ఎవరి పాన్ ఇస్తే వాళ్ల ఖాతాలో పడుతుంది, రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది. మీ పాన్ ఇచ్చి మీరు రిటర్న్ వేయకపోతే అక్కడే ఉండిపోతుంది, అందుకని మీ వారి పాన్ ఇవ్వాలి. విమానం టికెట్లు ఒకచోట, హోటల్ ఇంకోచోట విడిగా కొనుక్కుంటే అది ప్యాకేజీ కిందికే రాదు, టీసీఎస్ ప్రస్తావనే ఉండదు.

దసరాకి వద్దనడానికి డబ్బొక్కటే కారణం కాదు. పట్టాయాలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు బాగా ఎక్కువ. పడవలు ఆపేసిన రోజు దీవి చూడటం పోతుంది, కట్టిన డబ్బు తిరిగిరావడం కష్టం. డిసెంబరు, జనవరిలో వాతావరణం హాయిగా ఉంటుంది కానీ ధరలూ అప్పుడే ఎక్కువ. ఏప్రిల్ మధ్యలో సోంక్రాన్ నీళ్ల పండగ, పట్టాయాలో ఆ సందడి 19 దాకా సాగుతుంది, హోటళ్లు నిండిపోతాయి. ఆ తర్వాతి వారం ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. ఎండ గట్టిగానే ఉంటుంది, కావలి వాళ్లకి అదేమీ కొత్త కాదు. అప్పటికి అమ్మాయి పబ్లిక్ పరీక్షలు అయిపోతాయి, మీ వారికి స్పాట్ వాల్యుయేషన్ పడినా ముగుస్తుంది, వేసవి సెలవులు మొదలవుతాయి. మంగళవారం బయల్దేరి శనివారం తిరుగు ప్రయాణం పెట్టుకుంటే శుక్ర, ఆదివారాల కంటే టికెట్లు సాధారణంగా తక్కువలో దొరుకుతాయి.

నాలుగు రాత్రులకు నా అంచనా ఇది. బాత్‌కు 3 రూపాయల చొప్పున వేశాను, కొనే రోజు రేటు అటూఇటూ కావచ్చు. చెన్నై–బ్యాంకాక్ రానూపోనూ మనిషికి 18,000 చొప్పున 72,000. రెండేళ్లు దాటిన పిల్లలకి దాదాపు పూర్తి టికెట్టే. నలుగురు పట్టే ఫ్యామిలీ రూము రాత్రికి 4,500 చొప్పున 18,000. తిండి రోజుకు 1,300 బాత్, ఐదు రోజులకు 19,500. విమానాశ్రయం నుంచి పట్టాయాకి బస్సు, ఊళ్లో తిరుగుడు కలిపి 9,600. చూసేవాటి టికెట్లు 15,000. ట్రావెల్ ఇన్సూరెన్స్ 2,500, కావలి–చెన్నై రాకపోకలు 3,000, ఫోన్ డేటా 2,000, కొనుగోళ్లు 10,000. మొత్తం 1,51,600. చేతిలో ఉంచుకోవడానికి 15,000 కలిపితే 1,66,600. పాస్‌పోర్టుల ఖర్చు దీనికి వేరు.

ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా తొమ్మిది నెలలు, నెలకు 15,000 చొప్పున 1,35,000. పండగల కుట్టుపని 30,000. మొత్తం 1,65,000. లోటు పదహారు వందలు. కొనుగోళ్లలో ఆ మాత్రం తగ్గించుకోవచ్చు. నెలకు ఇంకా 3,500 మిగులుతుంది, పాస్‌పోర్టుల ఖర్చు అందులోనే సర్దుకోవచ్చు. డీఏ బకాయిలు, సరెండర్ లీవు డబ్బులు ఈ లెక్కలో రాయకండి. వస్తే సంతోషం. ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) విదేశీ ప్రయాణానికి వర్తించదు.

ఈ డబ్బు ఆర్‌డీలో వేయొద్దు. డిసెంబరులో టికెట్లు కొనాలి, ఆర్‌డీ మధ్యలో తెంచాల్సి వస్తుంది. మీ పేరు మీద ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడిన మర్నాడు 15,000 అందులోకి పోయేలా పెట్టండి. ఆ ఖాతాకి యూపీఐ కలపకండి, కలిపితే కూరగాయల బండి దగ్గర కరిగిపోతుంది. డిసెంబరు చివరికి 75,000, దసరా కుట్టుపని 15,000 కలిపి 90,000 ఉంటుంది. టికెట్లకి సరిపోతుంది.

పాస్‌పోర్టులు మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి. పెద్దవాళ్లకి 1,500, పద్దెనిమిది లోపు పిల్లలకి ఐదేళ్ల పాస్‌పోర్టు 1,000. అమ్మాయికి పదిహేను నిండితే 1,500 కట్టి పదేళ్లది తీసుకోవచ్చు, రేపు చదువులకి పనికొస్తుంది. మీ వారు ప్రభుత్వోద్యోగి కాబట్టి శాఖకు ముందస్తు సమాచార లేఖ గానీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) గానీ కావాలి. విదేశానికి వెళ్లడానికి శాఖ అనుమతి మళ్లీ వేరు. హెచ్‌ఎం ద్వారా పైకి పంపి, ఆ కాగితం చేతికొచ్చాకే టికెట్లు కొనండి. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పొడి అక్షరాలు, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో ఇంకోలా ఉంటుంది. దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు విడదీసి దాని గడిలో రాయాలి. ముందు ఆధార్ సరిచేయించి, తర్వాత అపాయింట్‌మెంట్ తీసుకోండి. తిరుపతి సేవా కేంద్రమైనా సరే, స్లాట్ ఎక్కడ త్వరగా దొరికితే అక్కడికి వెళ్లండి. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే టికెట్ మీద ఉండాలి. ఒక అక్షరం తేడా వచ్చినా దిద్దడానికి కంపెనీలు డబ్బు గుంజుతాయి.

థాయిలాండ్ 2024 జూలైలో మనవాళ్లకి 60 రోజుల వీసా మినహాయింపు ఇచ్చింది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనే రోజున ఎంబసీ సైట్ చూడండి. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల లోపు నింపాలి, పూర్తిగా ఉచితం. దీనికి డబ్బు అడిగే సైట్లు అధికారికమైనవి కావు.

చెన్నైకి పినాకిని రైలు ఎక్కితే సెంట్రల్ నుంచి మెట్రోలో విమానాశ్రయానికి వెళ్లొచ్చు, రాత్రి విమానానికి హాయిగా అందుకుంటారు. చవక టికెట్లలో సాధారణంగా 7 కిలోల చేతి సంచే ఉంటుంది. నలుగురికీ కలిపి 20 కిలోల బ్యాగేజీ రెండు ముందే కొనండి, కౌంటర్ దగ్గర కొంటే ధర మండిపోతుంది. గోంగూర పచ్చడి సీసా చేతి సంచిలో పెడితే తనిఖీలో తీసేస్తారు, దాన్ని పెద్ద బ్యాగులో సర్దండి.

డబ్బు మూడు చోట్ల ఉండాలి. కొంత బాత్ నోట్లు చెన్నైలో లైసెన్సున్న మార్పిడి దుకాణంలో రసీదుతో కొనండి, విమానాశ్రయంలో వద్దు. ఎక్కువ భాగం ఫారెక్స్ కార్డులో (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) వేయండి. మామూలు డెబిట్ కార్డు అత్యవసరానికే. అక్కడి ఏటీఎంలో ఒక్కసారి తీస్తే 220 బాత్ లేదా అంతకన్నా ఎక్కువ కోత, పైన మన బ్యాంకు మార్కప్ 3.5 శాతం దాకా. దుకాణంలో మెషిన్ రూపాయల్లోనా, బాత్‌లలోనా అని అడిగితే బాత్ నొక్కండి. రూపాయల్లో కడితే వాళ్లు వేసే రేటులోనే అదనం కలిసి ఉంటుంది. హోటల్లో దిగగానే డిపాజిట్ అడుగుతారు, దాన్ని నోట్లుగా ఇస్తే ఖాళీ చేసేటప్పుడు నోట్లుగానే వస్తుంది. కార్డు మీద ఆపితే విడుదలకి రోజులు పడుతుంది.

పిల్లలతో కాబట్టి బస జోమ్‌టియన్ బీచ్ వైపు చూసుకోండి, బార్లతో నిండిన వాకింగ్ స్ట్రీట్ పక్కన వద్దు. ఊళ్లో వెనక బెంచీలున్న సాంగ్‌థియో బండ్లు ఒకే దారిలో తిరుగుతుంటాయి. వెళ్తున్నదాన్ని ఆపి ఎక్కి, దిగాక చిల్లర ఇచ్చేయాలి. ఖాళీగా ఆగి ఉన్నదాని దగ్గరికెళ్లి ఎంత అని అడిగితే మొత్తం బండి మాట్లాడుకున్నట్టే, వందల బాత్‌లు చెబుతారు. ఏజెంట్ల కోరల్ ఐలాండ్ టూరు అంటే కో లార్న్ దీవే. బాలీ హై రేవు నుంచి మామూలు పడవలో మనిషికి సుమారు 30 బాత్ టికెట్‌తో వెళ్లొచ్చు. స్పీడ్‌బోట్ టూర్లు దారిలో పారాసెయిలింగ్ తెప్ప దగ్గర ఆపి అక్కడ విడిగా డబ్బు తీసుకుంటాయి.

జెట్‌స్కీ మాత్రం అద్దెకు తీసుకోవద్దు. తిరిగిచ్చేటప్పుడు పాత గీతలు చూపించి వేల బాత్‌లు అడగడం అక్కడ పేరుపడ్డ దందా. పిల్లలు పట్టుబడితే ఎక్కే ముందు నాలుగు వైపులా వీడియో తీయండి, పాస్‌పోర్టు ఎవరి చేతికీ తాకట్టుగా ఇవ్వకండి. స్కూటీ అద్దె కూడా అంతే. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపి పడితే మీరు కట్టిన 2,500 ఇన్సూరెన్స్ ఆ ఆసుపత్రి బిల్లుకి పనికిరాదు.