పోలిక ఎక్కడ కుంటుతుందో చూడు

తమ్ముడూ,

నీ ఉత్తరం, వెంట పంపిన కథ, రెండూ చదివాను. ముందు ఉత్తరం సంగతి. నాలుగు పేజీల్లో నీ ఊహను విత్తనంతో పోల్చావు, నీ లక్ష్యాన్ని మంచుకొండ శిఖరంతో, నిన్ను సముద్రం వెతుక్కునే నదితో. కోపం తెచ్చుకోకపోతే ఒక మాట అడుగుతాను. ఈ ఏడాది ఒక్క గింజైనా నాటావా? గచ్చిబౌలి హాస్టల్ గదిలోంచి ఏ మంచుకొండ కనబడుతుంది?

నీకు కనబడేవి గుండ్లు. అపార్ట్‌మెంట్ల మధ్య ఇంకా పగలగొట్టకుండా మిగిలినవి, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు. భీముడు పేర్చాడనేది మా నాయనమ్మ. నేనూ చాన్నాళ్ళు నమ్మాను. తర్వాతెప్పుడో ఒక భూగర్భశాస్త్రం లెక్చరరు నన్ను మౌలాలి గుట్ట ఎక్కిస్తూ అసలు సంగతి చెప్పాడు. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట నేల లోతుల్లో కరిగిన రాయి నింపాదిగా చల్లారి గ్రానైటు అయింది. పైనున్న పొరలు అరిగిపోయేకొద్దీ బరువు తగ్గి, రాయి అడ్డంగానూ నిలువుగానూ పగుళ్ళిచ్చింది. ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగాయి. మూలను నీళ్ళు ఒక్క వైపు నుంచి కాదు, మూడు వైపుల నుంచీ తింటాయి, అందుకే ముందు మూలలు అరిగి, పెట్టెలా ఉన్న రాయి గుండ్రమైంది. చుట్టూ మెత్తబడ్డదంతా మొరమై వానలకు కొట్టుకుపోయింది. గుండు మీద గుండు మిగిలింది. పై గుండును ఎవరూ మోసుకురాలేదు తమ్ముడూ, అది మొదటినుంచీ అక్కడే ఉంది.

ఊహ గురించి ఇంతకంటే పనికొచ్చిన పోలిక నాకు దొరకలేదు. ఊహంటే ఎక్కడినుంచో తెచ్చి పేర్చడం అనుకుంటున్నావు నువ్వు. నీ కథలో రెండు హత్యలు, ఒక గంధర్వుడు, లండన్ రైల్వేస్టేషన్ పేర్చావు. మధ్యలో ఎక్కడో, నాన్న సైకిలు క్యారియరు మీద బియ్యం సంచీ నాలుగు మడతలు పెట్టి పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకున్న వాక్యం ఒకటుంది. అది తెచ్చిపెట్టింది కాదని చదవగానే తెలుస్తోంది. చుట్టూ ఉన్న మొరం పోతే నిలబడేది అదే.

ఇక్కడితో ఆపితే నేనూ నీలాంటి పనే చేసినవాణ్ణవుతాను. పోలిక బాగా నడిచినంతసేపూ అది నిన్ను పొగుడుతూనే ఉంటుంది. ఎక్కడ కుంటుతుందో అక్కడ ఆగి చూడాలి. గుండుకు తొందర లేదు, మొరం సంగతి వాన చూసుకుంటుంది. మరి నీకు వాన ఎవరు? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు తిప్పింది. చివరికి తెలిసింది, నా మొరం నాకు కనబడదని. మా అక్క వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ ఏమీ అనేది కాదు. విసుగొచ్చిన చోట లేచి పొయ్యి చూసివచ్చేది. ఆ చోట్లన్నీ కొట్టేశాను.

లక్ష్యం సంగతి. ముప్పై ఏళ్ళు దాటేలోపు ఏదో ఒక పెద్ద అవార్డు రావాలని రాశావు. వానాకాలంలో ఒక ఆదివారం గండిపేట వైపు వెళ్ళి గిజిగాడిని చూడు. మగపిట్ట గడ్డీ, ఈతాకులూ సన్నగా చీల్చి తెచ్చి అల్లుతుంది. గూడు సగమయ్యాక రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపలా బయటా చూస్తుంది. ఆమెకు నచ్చితే మగపిట్టే కిందికి దిగే గొట్టం అల్లి గూడు పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది, మగపిట్ట ఇంకోటి మొదలుపెడుతుంది. నా నవల ఒకటి 80 పేజీల దగ్గర అలాగే వేలాడుతోంది, 20 ఏళ్ళుగా. ఇప్పుడు దాన్ని చూస్తే సిగ్గనిపించదు. నీకూ అలాంటివి నాలుగైదు ఉండాలి.

ఈ పోలిక కూడా కుంటుతుంది. పిట్ట గూడు గుడ్లకోసం అల్లుతుంది. నీ అవార్డులో పొదిగేదేమిటి? జవాబు నాకు రాయనక్కర్లేదు.

గండిపేట వెళ్తే ఆ చెరువు ఎందుకొచ్చిందో కూడా గుర్తుచేసుకో. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిమీద పడింది. మళ్ళీ అలా జరగకూడదని ఎగువన ఆనకట్ట కట్టారు, 1920లో పూర్తయింది. ఆ వరదలో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారంటారు. చెట్టు ఇంకా ఉంది. దానిమీద ఎవరైనా ఉపన్యాసమిస్తే చాలు, ఆశకు ప్రతీక అంటారు. ఆ రాత్రి కొమ్మ పట్టుకుని వేలాడినవాళ్ళకు అది దేనికీ ప్రతీక కాదు, చింతకొమ్మ. చేతికి గరుకుగా, తడిగా తగిలి ఉంటుంది. నువ్వెప్పుడైనా ఆ చెట్టు గురించి రాస్తే ఆ గరుకు నుంచి మొదలుపెట్టు. పోలిక కావాలంటే తర్వాత అదే వస్తుంది, రాకపోయినా నష్టం లేదు.

సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు బండ అని ఒకటుంది, నీ హాస్టల్‌కు పెద్ద దూరం కాదు. పొద్దున్నే వెళ్ళు, ఎండెక్కితే ఆ రాళ్ళ దగ్గర నిలబడలేవు. ఫోన్ తియ్యకుండా ఓ అరగంట కూర్చో.

కథ తిప్పి పంపుతున్నాను. సైకిలు క్యారియరు వాక్యం కింద పెన్సిల్‌తో గీత పెట్టాను. గంధర్వుడి జోలికి పోలేదు, వాడి సంగతి నువ్వే చూసుకో.

మీ అన్న