అద్దెదారులున్న ఇల్లు కొంటున్నాం: అగ్రిమెంటులో షరతులు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మూడు పోర్షన్లలోనూ అద్దెదారులున్న ఇంటిని, అద్దె ఆదాయం కోసం కొనాలనుకుంటున్నాం. బ్యాంకు రుణం ఇంకా మంజూరు కాలేదు. అమ్మేవారు మాత్రం అడ్వాన్సు తీసుకొని వెంటనే అగ్రిమెంటు రాసుకుందామంటున్నారు. రుణం రాకపోయినా, అద్దెల వివరాలు వారు చెప్పినట్టు లేకపోయినా మా డబ్బు తిరిగి వచ్చేలా షరతులు పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. మీ పరిస్థితిలో తప్పనిసరిగా పెట్టుకోవాలి. ఫలానాది జరిగితేనే అమలయ్యేలా రాసుకునే ఒప్పందాన్ని భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 31వ సెక్షన్ గుర్తిస్తుంది. గడువులోగా జరగాలన్న షరతు ఆ గడువు ముగిసినా నెరవేరకపోతే, 35వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చెల్లకుండా పోతుంది. పుచ్చుకున్న సొమ్మును వాపసు చేయవలసిన బాధ్యత 65వ సెక్షన్ కింద అమ్మేవారిపై పడుతుంది. అయినా, బయానాగా ఇచ్చిన సొమ్మును కొనేవారి తప్పు వల్ల బేరం చెడితే జప్తు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పులున్నందున, ఏ షరతు నెరవేరకపోతే ఎన్ని రోజుల్లో ఎంత తిరిగి ఇవ్వాలో అగ్రిమెంటులోనే స్పష్టంగా రాయించండి.

రుణం విషయంలో ‘లోను వస్తే కొంటాం’ అన్న ఒక్క వాక్యం చాలదు. ఎంత మొత్తం, ఏ తేదీలోగా మంజూరు కావాలో, కాలేదనడానికి బ్యాంకు లేఖను రుజువుగా అంగీకరిస్తారో లేదో ఉండాలి. కాగితాలు సకాలంలో ఇవ్వక మీరే రుణాన్ని పోగొట్టుకుంటే ఆ షరతు మిమ్మల్ని కాపాడదు.

నేను అంతకంటే ముఖ్యంగా భావించేది అద్దెల షరతు. ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందాలు రద్దు కావు. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోని 109వ సెక్షన్ ప్రకారం మీరు పాత యజమాని స్థానంలోకి వస్తారు. అద్దెదారు ఆ ఇంట్లో ఉన్నప్పుడు అతని హక్కుల సంగతి తెలియదనే వాదన సాధారణంగా నిలవదు. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం) తీస్తే అన్నీ తెలుస్తాయనుకోవడం పొరపాటు: పదకొండు నెలలకు రాసుకొని రిజిస్టరు చేయని అద్దె ఒప్పందం అందులో కనిపించదు. అందువల్ల ఒప్పంద పత్రాల నకళ్లతో పాటు, నెల అద్దె, డిపాజిట్, గడువు, ముందుగా చెల్లించిన అద్దె తెలుపుతూ ప్రతి అద్దెదారూ సంతకం చేసిన లేఖను అమ్మేవారు తెచ్చివ్వాలని షరతు పెట్టండి. డిపాజిట్ రెండు నెలల అద్దేనని అమ్మేవారు, ఆరు నెలలదని అద్దెదారు చెబితే, ఖాళీ చేసే రోజున ఆ తగాదా మీ గుమ్మంలోకే వస్తుంది. లేఖల్లో తేలిన డిపాజిట్ల మొత్తాన్ని అమ్మకం ధరలో మినహాయించుకోవాలని కూడా రాయించండి. అమ్మకానికి ముందు నాటి అద్దె బకాయిలపై, వేరే ఒప్పందం లేకపోతే, మీకు హక్కు ఉండదు.

ఇంటి పటిష్ఠతను ఇంజనీరుతో చూపించుకునే వెసులుబాటు కూడా ఉంచుకోండి. అంతకు మించి షరతులు పేర్చుకుంటూ పోతే అమ్మేవారు వేరే కొనుగోలుదారును చూసుకుంటారు.

ఏ షరతు నెరవేరకపోయినా, గడువు ముగిసేలోగా రాతపూర్వకంగా, అందినట్టు రసీదు ఉండేలా తెలియజేయండి. గడువు పొడిగించుకుంటే అదే అగ్రిమెంటుపై ఇద్దరూ తేదీ వేసి సంతకాలు చేయాలి. ఫోన్లో అన్న ‘సరే’ను రుజువు చేయడం కష్టం.