కృష్ణబిలం లోపల 67 సెకన్లు

ప్రశ్న: కృష్ణబిలంలో పడితే ఇంకో విశ్వంలో తేలతామని వీడియోల్లో చెబుతున్నారు. అసలు లోపల ఏముంటుంది?
– ఇంటర్ విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: ముందు అంచు సంగతి తేల్చుకుందాం. కృష్ణబిలానికి గోడ గానీ నేల గానీ ఉండవు. ఒక హద్దు దాటితే కాంతి కూడా వెనక్కి రాలేదు, అంతే. దాన్నే ఈవెంట్ హొరైజన్ అంటారు. అదెంత దూరమో మీరే లెక్కేసుకోవచ్చు. బరువు ఎన్ని సూర్యుళ్లకు సమానమో చూసి 2.95తో గుణిస్తే వ్యాసార్ధం కిలోమీటర్లలో వస్తుంది (తన చుట్టూ తాను తిరగని కృష్ణబిలానికి). పది సూర్యుళ్ల బరువైతే దాదాపు 30 కిలోమీటర్లు. మధ్యబిందువు బెంజి సర్కిల్లో పెడితే అంచు గుంటూరు దరిదాపుల్లోకి వస్తుంది. పాలపుంత నడిబొడ్డున ఉన్న సజిటేరియస్ ఏ-స్టార్ బరువు సుమారు 43 లక్షల సూర్యుళ్లు. దాని వ్యాసార్ధం 1.27 కోట్ల కిలోమీటర్లు.

మనిషికి చిన్నదే ఎక్కువ ప్రమాదం. కాళ్లు ముందుగా పడుతుంటే, తల కన్నా పాదాల మీద లాగుడు ఎక్కువ. పది సూర్యుళ్లదాని దగ్గర ఈ తేడా 3,600 కిలోమీటర్ల దూరంలోనే భూమ్యాకర్షణకు పదింతలు అవుతుంది. అంటే విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో వెళ్లొచ్చినంత దూరంలోనే ఒళ్లు సాగడం మొదలు. అంచు చేరేసరికి తేడా భూమ్యాకర్షణకు కోటిన్నర రెట్లు దాటిపోతుంది, చేరడానికి మనిషి మిగిలితే. అదే సజిటేరియస్ ఏ-స్టార్ అంచు దగ్గర ఈ తేడా భూమ్యాకర్షణలో పదివేలో వంతే. దాటినట్టు కూడా తెలియదు.

దాటాక ఎంతసేపు? ఒక్కో సూర్యుడి బరువుకు గరిష్ఠంగా 15.5 మైక్రోసెకన్లు. 43 లక్షలతో గుణించండి: 67 సెకన్లు. ఎంత గొప్ప రాకెట్ ఉన్నా అంతకు మించి ఒక్క సెకను దొరకదు, కంగారులో ఇష్టమొచ్చినట్టు ఇంజిన్ మండిస్తే ఇంకా తగ్గుతుంది. దూరం నుంచి ఊరికే పడిపోతే 28 సెకన్లే.

ఆ చివర ఉండేదే సింగ్యులారిటీ, అంటే లెక్కల ప్రకారం సాంద్రత అనంతమయ్యే ముగింపు. వీడియోల్లో గరాటు గీసి అడుగున చుక్క పెడతారు చూడండి, తిప్పలన్నీ ఆ బొమ్మతోనే. అంచు లోపల ‘కేంద్రం వైపు’ అనేది దిక్కు కాదు, కాలం. బెంజి సర్కిల్లో నిలబడి రేపు ఎటువైపు ఉందని అడిగితే ఎవరు వేలు చూపిస్తారు? ఎటు నడిచినా రేపు వచ్చి తీరుతుంది. సింగ్యులారిటీ కూడా అంతే. అది తప్పదని 1965లో రోజర్ పెన్రోజ్ నిరూపించారు. ఆ నిరూపణకు ఆధారమైన సమీకరణం పదేళ్ల ముందే, 1955లో, కోల్‌కతాకు చెందిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి ఇచ్చారు. అయితే అక్కడ సాంద్రత అనంతమని వస్తోందంటే, ఉన్న సిద్ధాంతం (ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షత) చేతులెత్తేసిందనే భౌతిక శాస్త్రవేత్తలు అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: మరి అవతలికి దారి ఐన్‌స్టీన్ లెక్కల్లోనే ఉందంటారు కదా?
– రిటైర్డ్ టీచర్, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉందండీ. 1935లో ఐన్‌స్టీన్, రోజెన్ రాసిన వంతెన అదే. కానీ కాంతి ఇవతల నుంచి అవతలికి చేరేలోపే దాని మధ్యభాగం తెగిపోతుందని 1962లో ఫుల్లర్, వీలర్ చూపించారు. పైగా నక్షత్రం కూలి ఏర్పడిన కృష్ణబిలంలో ఆ అవతలి సగం అసలుండదు. అక్కడ ఉండేది కూలిన నక్షత్రపు పదార్థమే.

తిరిగే కృష్ణబిలానికి 1963లో రాయ్ కెర్ ఇచ్చిన పరిష్కారం ఇంకాస్త ఊరిస్తుంది. అందులో సింగ్యులారిటీ ఉంగరంలా ఉంటుంది, తప్పించుకుని పోవచ్చు, కాగితం మీద. చిక్కల్లా లోపలి హొరైజన్ దగ్గర, అంటే తిరిగే కృష్ణబిలం లోపల ఉండే రెండో అంచు దగ్గర. బయటి నుంచి పడే వెలుగు శక్తి అక్కడ అంతులేకుండా పెరిగిపోతుందని 1990లో పాయిసన్, ఇజ్రాయెల్ లెక్కగట్టారు. దారి తెరుచుకునే చోటే మంట.

ప్రశ్న: మన విశ్వమే ఒక కృష్ణబిలం లోపల ఉందా?
– మంగళగిరి పాఠకుడు

జవాబు: 1972లో భారతీయ భౌతిక శాస్త్రవేత్త ఆర్.కె. పత్రియా ఈ ఆలోచనను ‘నేచర్’ పత్రికలో రాశారు. కాంతివేగాన్ని విశ్వవ్యాకోచ రేటుతో భాగిస్తే ఒక దూరం వస్తుంది. ఆ దూరం వ్యాసార్ధంగా గల గోళంలోని బరువుకు హొరైజన్ లెక్కేస్తే మళ్లీ అదే దూరం! కానీ చదునైన (స్థలానికి వంపు లేని) ఏ విశ్వానికైనా ఈ లెక్క ఇలాగే కుదురుతుంది, కాబట్టి ఇది రుజువు కాదు. కృష్ణబిలంలో సింగ్యులారిటీ ముందుంటుంది, మన మహావిస్ఫోటం వెనకుంది. పోలికే వెతికితే, లోపలికి ఏదీ పోలేని శ్వేతబిలం దగ్గరగా ఉంటుంది.

ప్రశ్న: సింగ్యులారిటీ లేదనేవాళ్లు దాని బదులు ఏముందంటారు?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: రెండు ముఖ్యమైన వాదాలున్నాయి. అభయ్ అష్టేకర్ పునాది వేసిన లూప్ క్వాంటమ్ గ్రావిటీ ప్రకారం స్థలానికీ అతి చిన్న ముక్కలున్నాయి, అంతకన్నా నలగదు. నలిగిన పదార్థం బంతిలా ఎగిరి శ్వేతబిలంగా బయటపడవచ్చని కార్లో రొవెల్లి బృందం అంటోంది. సమీర్ మాథుర్ ‘ఫజ్‌బాల్’ ఇంకోరకం: లోపల ఖాళీయే లేదు, అంచు దాకా చిక్కుపడ్డ తీగలే (స్ట్రింగ్ థియరీ చెప్పే అతి సూక్ష్మమైన తీగలు).

పరీక్షించే దారి ఒకటుంది. కుదుపు తగిలిన కృష్ణబిలం నుంచి వచ్చే గురుత్వ తరంగాలు గంట మోగి ఆగినట్టు సన్నగిల్లుతాయని 1970లో సి.వి. విశ్వేశ్వర లెక్కించారు. రెండు కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టి, 2015 సెప్టెంబరు 14న లైగో (గురుత్వ తరంగాలను పట్టే అమెరికా పరికరం) అందుకున్న తరంగాల చివర్లో ఆ సన్నగిల్లడం కనిపించింది. అంచు దగ్గర నిజంగా ఏదైనా ఉపరితలం ఉంటే, గంట ఆగాక చిన్న ప్రతిధ్వనులు వినిపించాలి. ఇప్పటిదాకా నమ్మదగ్గది ఒక్కటీ దొరకలేదు.