వాన పడితే బడికి వెళ్లనంటుంది

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు రెండు రోజులు మేడ మీదే ఉన్నాం. పుస్తకాల సంచి కింద ఉండిపోయిందని పాప ఏడిస్తే మా వారు నీళ్లలోకి దిగారు. కాలు బాగా తెగింది. అప్పుడు పాపకు తొమ్మిదేళ్లు. ఇప్పటికీ వాన పడితే బడికి వెళ్లదు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంది. ఇంట్లో ఆ మాట ఎవరమూ ఎత్తడం లేదు. అత్తగారు తాయెత్తు కట్టించారు. కాలమే మాన్పుతుందా?
– ఒక తల్లి

అమ్మా, మీ ఉత్తరంలో వాన కంటే ఆ సంచే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. చెడు జరిగితే పిల్లలు కారణం వెతుక్కుంటూ చివరికి తమ దగ్గరే ఆగుతారు. మీరు ప్రేమతో మౌనంగా ఉంటున్నారు. ‘నా వల్లే కదా, అందుకే ఎవరూ మాట్లాడరు’ అని పాప అనుకుంటూ ఉండవచ్చు. ఇన్నాళ్లయినా తగ్గలేదంటే ఇక కాలానికి వదిలేయకండి.

ఇలాంటి పిల్లల కోసం ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే చికిత్స ఉంది. భయపెట్టిన అనుభవం మనసులో మిగిల్చిన ఆలోచనలను, భయాన్ని మాటల ద్వారా సరిదిద్దే పద్ధతి ఇది. మామూలుగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సిట్టింగులు పడుతుంది. మొదటి రోజే వరద గురించి అడగరు. నెమ్మదిగా ఊపిరి వదలడం, భయానికి పదికి ఎన్ని మార్కులో చెప్పడం వంటివి ముందు నేర్పుతారు. ఆ తర్వాతే పాప తన కథను కొంచెం కొంచెంగా రాస్తుంది, లేదా బొమ్మలు వేస్తుంది. సంచి దగ్గరికి రాగానే సైకాలజిస్టు నిదానిస్తారు: ‘కిందికి దిగాలని ఎవరు అనుకున్నారు? నీళ్లలో ఏముందో నీకు తెలుసా? నీ స్నేహితురాలే ఇలా బాధపడుతుంటే ఏం చెబుతావు?’ నీ తప్పు లేదని మనం వందసార్లు చెప్పినా ఎక్కనిది, తనే తేల్చుకుంటే మనసుకు పడుతుంది. చివర్లో ఆ కథ మీకు చదివి వినిపిస్తుంది. మీ వారినీ తీసుకెళ్లండి. ‘దిగాలనుకున్నది నేనే తల్లీ’ అన్న మాట ఆయన నోటి నుంచే రావాలి.

వాన రోజు బడి మాన్పించిన కొద్దీ భయం ముదురుతుంది. అలాగని ఈడ్చుకెళ్లవద్దు. సన్నటి జల్లులో మీతో వీధి చివరి దాకా, మరో రోజు బడి గేటు దాకా నడిపించండి. ఎంత దూరమన్నది సైకాలజిస్టుతో మాట్లాడుకుని పెంచండి. మళ్లీ వరద రాదని మాత్రం ఒట్టు వేయకండి, మీరుండేది సింగ్‌నగర్‌లో. వస్తే ఎక్కడికి వెళ్లాలో, ఏమేం సర్దుకోవాలో పాపతో కలిసి కాగితం మీద రాయండి. పుస్తకాల సంచి ఎప్పుడూ పై అరలోనే ఉండాలని కూడా.

తాయెత్తుతో నాకు తగువు లేదు, ఉండనివ్వండి.

ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలకు ఈ చికిత్స చేసిన అనుభవం ఉందా, తల్లిదండ్రులను కూడా కూర్చోబెడతారా అని ముందే అడగండి. పాప నోట చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.